ఏడవడానికి కూడా టైం దొరకట్లేదు మేడమ్

మేడమ్ నమస్తే. నాకు 23, మాది తెనాలి. గుంటూరులో బట్టల షోరూంలో బిల్లింగ్ చేస్తాను, దూరవిద్యలో ఎంకామ్, జనవరిలో ఐదు పేపర్లున్నాయి. ఆగస్టులో అమ్మ పోయింది, కిడ్నీలు పాడై. ఇంట్లో నాన్న, ఇంటర్ చదివే తమ్ముడు. చర్చి క్వయర్‌లో పాడతాను, డిసెంబర్ మొదలైన దగ్గర్నుంచి రోజూ రాత్రి క్యారల్సే, ఇంటికొచ్చేసరికి ఒంటిగంట, మళ్లీ ఐదింటికి లేచి వంట. అమ్మ పోయినప్పుడు అందరూ ఏడవకమ్మా ప్రభువు దగ్గరే ఉంది అన్నారు, నేనూ ఏడవలేదు. మొన్న ఒకావిడ తెల్లచీర తెచ్చి కౌంటర్ మీద పెట్టగానే ఏడుపు ఆగలేదు, సూపర్‌వైజర్ లోపలికి పంపేశారు. ప్రార్థనకి మోకరిస్తే ఒక్క మాట రావట్లేదు. నాకు విశ్వాసం తగ్గిపోయిందా? ఇవన్నీ ఎలా బ్యాలెన్స్ చేసుకోవాలి?

అమ్మా, నీ ఉత్తరం చదువుతూ నేను ఆ తెల్లచీర దగ్గరే ఆగిపోయాను. మీ వైపు ఆదివారం పొద్దున ఏ చర్చి ముందు నిలబడ్డా తెల్లచీరలే కదా, మీ అమ్మ కూడా క్రిస్మస్‌కి ఒకటి తీసుకునే ఉంటుంది, అంచు వేళ్లతో రుద్ది చూసి, ఉతికితే రంగు దిగుతుందా అని రెండుసార్లు అడిగి, ఓ యాభై తగ్గించమని బేరమాడి. అలాంటి మనిషి ఒకావిడ నీ ముందుకొచ్చి నిలబడింది. చర్చిలో ఏడవొద్దన్నారు, ఇంట్లో ఏడిస్తే నాన్న కూలబడిపోతారని భయం, మరి నాలుగు నెలల ఏడుపు ఎక్కడికి పోతుంది? కౌంటర్ దగ్గర బయటపడింది. అందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు.

విశ్వాసం సంగతి ముందు తేల్చేద్దాం, నిన్ను ఎక్కువ తినేస్తోంది అదే అనిపిస్తోంది. యోహాను సువార్త 11వ అధ్యాయం నీకు నాకంటే బాగా తెలుసు. చనిపోయిన లాజరుని ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు, చూసినవాళ్లు ఎంత ప్రేమించాడో చూడండి అన్నారు గానీ విశ్వాసం తక్కువైందని అనలేదు కదా. మాట రాని ప్రార్థన గురించి అడిగావు, ఏలీయా ప్రవక్తని గుర్తు తెచ్చుకో, ఎడారిలో చెట్టు కింద పడిపోయి ఇక నా వల్ల కాదు ప్రాణం తీసేయమన్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు, రొట్టె నీళ్లు పెట్టి లేచి తినమంది, తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చింది, లేపి మళ్లీ పెట్టింది. ముందు తిండి నిద్ర, ఆ తర్వాతే కొండ దగ్గర దేవుడితో మాటలు. నువ్వు రాత్రి ఒంటిగంటకి పడుకుని ఐదింటికి లేస్తున్నావు, నాలుగు గంటల నిద్రతో నేనైతే నా పేరు కూడా సరిగ్గా రాయలేను, నీకు ప్రార్థనలో మాట రాకపోతే వింతేముంది.

ఇప్పుడు నీ లెక్కలోకి వస్తా. ఉద్యోగం, చదువు, చర్చి అని మూడు రాశావు. నాలుగోది "ఐదింటికి లేచి వంట" అని ఒక ముక్కలో తేల్చేశావు చూడు, అసలు బరువు అక్కడుంది. అమ్మ పోగానే ఆ వంటిల్లు ఎవరూ అడక్కుండానే నీ నెత్తిన పడింది, ఆడపిల్లవి కాబట్టి. మీ తమ్ముడికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, రైస్ కుక్కర్ పెట్టడం ఒక్క పూటలో వస్తుంది. నాన్నగారికి కూరగాయలు తరగడం, పాలు, కరెంటు బిల్లు అప్పజెప్పు. ఆయన బాధలో ఉన్నారు ఎలా చెప్పను అంటావేమో, ఖాళీగా గోడ చూస్తూ కూర్చోవడం కంటే బెండకాయలు తరగడం ఆయనకీ మంచిదే. పప్పు మాడుతుంది కొన్నాళ్లు, మాడనీ.

తగ్గించాల్సింది క్యారల్స్. నువ్వు నొచ్చుకుంటావని తెలుసు, అయినా చెప్తున్నా, జీతం ఆపలేవు, నిద్ర ఇంకా ఆపలేవు. పాస్టరమ్మగారి దగ్గరికి నువ్వే వెళ్లి, అమ్మగారూ ఈ ఏడాది ఆదివారాలు, 24 రాత్రి మాత్రమే పాడతాను, మిగతా రోజులకి నాకు ఓపిక లేదు అని చెప్పు. పెద్ద వివరణలొద్దు. మీ అమ్మ ఉంటే ఇలా మానేసేదా అని ఎవరో ఒక ఆంటీ అంటుంది, ఎప్పుడూ ఒకరుంటారు, విని ఊరుకో. ఈ ఏడాది ఇంటి మీద క్రిస్మస్ స్టార్ కట్టాలా వద్దా అన్నది కూడా ఊళ్లో వాళ్లు తేలుస్తారు వదిలేస్తే, అది మీ ముగ్గురూ కూర్చుని అనుకోండి.

చదువు విషయం చిన్నదే. దూరవిద్యలో రాయని పేపర్ తర్వాత సెషన్‌లో మళ్లీ ఫీజు కట్టి రాసుకునే వీలు మామూలుగా ఉంటుంది, నీ స్టడీ సెంటర్‌కి ఫోన్ చేసి రూల్స్ కనుక్కుని, వీలైతే బాగా వచ్చిన మూడు పట్టుకో. చదివింది గుర్తుండట్లేదంటే బుర్ర చెడిందని కాదు, దుఃఖంలోనూ నిద్ర లేనప్పుడూ అందరికీ అంతే. పొద్దున రైల్లో పుస్తకం తెరువు. సాయంత్రం రైల్లో తెరవకు, ఆ టైం అమ్మది. ఫోన్‌లో ఆవిడ వాయిస్ మెసేజ్‌లుంటే విను, కిటికీ పక్కన కూర్చుని చున్నీ అడ్డం పెట్టుకో, ఎవరైనా చూస్తే చూస్తారు. ఆదివారం సర్వీస్ అయ్యాక సమాధుల తోటకి వెళ్లి ఓ అరగంట కూర్చున్నా మంచిదే.

24 రాత్రి పాడుతూ పాడుతూ నవ్వేస్తావు కూడా, అప్పుడు అమ్మని మర్చిపోయానా అని గుండె గుచ్చుకుంటుంది. 1999లో స్ట్రోబ్, షుట్ అని ఇద్దరు పరిశోధకులు ఇదే చెప్పారు, పోయినవాళ్ల మీద బెంగ కాసేపు, బతుకు పనులు కాసేపు, మనసు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగడంలోనే తేరుకుంటాం అని. దుఃఖానికి ఐదు మెట్లు అంటూ రీల్స్‌లో చెప్పేదాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోకు, కుబ్లర్ రాస్ అనే డాక్టరు 1969లో అది రాసింది చావు దగ్గరపడ్డ పేషెంట్లతో మాట్లాడి.

సూపర్‌వైజర్‌కి ఒక మాట ముందే చెప్పి పెట్టుకో, సార్ ఎప్పుడైనా ఏడుపొస్తే పది నిమిషాలు స్టాక్ రూంలోకి వెళ్తాను అని. మొన్న అరవకుండా లోపలికి పంపారంటే మంచాయనే అయ్యుంటారు. క్యారల్స్ తగ్గించాక కూడా నిద్ర పట్టకపోయినా, అన్నం మానేసినా, అమ్మ దగ్గరికి వెళ్లిపోతే బాగుండు అని ఒక్కసారి అనిపించినా ఆగకు, 14416కి ఫోన్ చెయ్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన లైను, టెలీ మానస్ అంటారు, ఫ్రీ, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నాకు మళ్లీ రాసినా సరే.

బీరువాలో అమ్మ తెల్లచీరలు ఉండే ఉంటాయి. 25 పొద్దున కట్టుకోవాలనిపిస్తే ఒకటి తీసి కట్టుకో, లేదంటే ఉండనీ. కడితే మాత్రం ముందు ఉతకొద్దులే, ఇంకా అమ్మ వాసన ఉంటుంది దానికి.