హమ్ ఎర్త్‌లో ఉంది, పిడుగు నెట్ వైరులో వస్తుంది

మీరడిగినవి రెండు. మేడ మీద గదిలో పెట్టుకున్న రికార్డింగ్ సెటప్‌లో గుయ్యిమని హమ్ ఎందుకొస్తోంది, ఉరుముల వానకి స్పైక్ బస్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ బాక్స్) చాలుతుందా అని. రెండోదానికి ముందే చెప్పేస్తాను, చాలదు. ప్లగ్ పీకేయాల్సిందే.

నేనూ గుంటూరు దగ్గర మేడ మీద గదిలోనే వాయిస్ ఓవర్లు చేస్తాను. హమ్ రాగానే అందరూ మైక్‌ని అనుమానిస్తారు, కొత్త కేబుల్ కొంటారు. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద కాసేపు రికార్డ్ చేయండి. హమ్ పోతే గోల చార్జర్‌దో, గ్రౌండ్ లూప్‌దో (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కి కలిసి, ఆ చుట్టులో కరెంటు తిరగడం). అప్పుడు ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ (మైక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), స్పీకర్లు అన్నీ ఒకే సాకెట్ నుంచి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెట్టండి, స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుల్ (దారిలో చేరే గోలని రద్దు చేసే రకం) వాడండి, చాలావరకు తగ్గుతుంది. లోతైన శబ్దం కాకుండా 'జ్‌జ్' అని గీరుతున్నట్టుంటే ఫ్యాన్ రెగ్యులేటర్ని చూడండి. స్టెప్పుల్లేకుండా నున్నగా తిరిగే నాబ్ ఉన్న రకం కరెంటుని ముక్కలు చేసి పంపుతుంది, అందుకే ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉంటే నిశ్శబ్దం, తగ్గించగానే మైక్‌లో గోల. టక్ టక్ మని స్టెప్పులుండే కెపాసిటర్ రెగ్యులేటర్ వేయిస్తే ఆ బాధ ఉండదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (మామూలు కరెంటులా నున్నటి అల కాకుండా మెట్లు మెట్లుగా ఇచ్చే చవక రకం) మీదైతే అసలు రికార్డింగే పెట్టుకోకండి.

మైక్‌కి పెదవి తగిలితే చురుక్కుమంటోందని కూడా రాశారు కదా, నాకు అసలు టెన్షన్ అదే. మీ ఎర్త్ సరిగా లేదని నా అనుమానం. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ (తిరిగి వెళ్లే వైరు) మధ్య 230 వోల్టుల దగ్గర ఉంటే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. 100, 120 అని ఊగుతుంటే సాకెట్‌లో ఎర్త్‌కని ఉండే మూడో రంధ్రం వెనక వైరే లేకపోవచ్చు, పాత ఇళ్లలో ఇది మామూలే. ఎర్త్ గుంత ఉన్నా మే నెలలో ఎండిపోయి పనిచేయదు, రెండు బకెట్లు నీళ్లు పోస్తుండాలి. హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను విరిచేయమనీ, స్టూడియోకి విడిగా ఒక ఎర్త్ రాడ్ నేలలో దిగ్గొట్టమనీ సలహాలిచ్చే వాళ్లుంటారు, రెండూ వద్దు. మొదటిది ప్రాణాల మీదికి తెస్తుంది. రెండోది ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి అది మీ పరికరాల గుండానే పోతుంది.

ఇక వాన సంగతి. స్విచ్ ఆపితే తెగేది ఫేజ్ ఒక్కటే, న్యూట్రల్ అలాగే ఉంటుంది, అందుకే ప్లగ్ పీకమన్నాను. అదొక్కటీ చాలదు కూడా. కిందటి వేసవిలో మా వీధి చివర పిడుగు పడితే పక్కింటి వాళ్ల కంప్యూటర్ పోయింది, దాని కరెంటు ప్లగ్ తీసే ఉంది! వచ్చింది మాత్రం పక్క బిల్డింగ్ మీంచి లాగిన నెట్ వైరులోంచి. ఫైబర్‌కి ఆ భయం లేదు కానీ రాగి వైరు, టీవీ కేబుల్ రెండూ పీకాలి, అదీ ఉరుములు దూరంగా ఉన్నప్పుడే. మెరుపుకీ ఉరుముకీ మధ్య 3 సెకన్లంటే సుమారు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినిపిస్తే ఇక వైర్ల జోలికి పోకండి, హెడ్‌ఫోన్స్ తీసేసి కిందికి దిగండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల 'దామిని' యాప్ ఫోన్‌లో ఉంచుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెప్తుంది.

గాలివానలో ఇంకోటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. కొమ్మ పడి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇంట్లోకి 300 వోల్టులు పైగా రావచ్చు. దీన్ని స్పైక్ బస్టర్ ఆపలేదు, ఎక్కువ వోల్టేజీకి కట్ అయ్యే ప్రొటెక్టర్ బోర్డులో పెట్టించాలి. కరెంటు తిరిగొచ్చాక కూడా ముందు బల్బు వేసి పది నిమిషాలు చూసి, వెలుగు నిలకడగా ఉంటేనే ఇంటర్‌ఫేస్ పెట్టండి. మల్టీమీటర్‌లో ఎంత వచ్చిందో చూసి ఇక్కడ రాయండి, ఎర్త్‌కి ఏం చేయాలో చెప్తాను.