కణ సిద్ధాంతంలో మూడో సూత్రం ఎందుకు విడిగా వచ్చింది?

కణ సిద్ధాంతం సూత్రాలు బట్టీ పట్టాను, కానీ మూడోది తర్వాత ఎందుకు చేరిందో అర్థం కాలేదని ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న.

మొదటి రెండూ తేలిక. ప్రతి జీవీ ఒక కణంతోనో, అనేక కణాలతోనో తయారవుతుంది. జీవి నిర్మాణానికీ, అది చేసే పనులకీ మూల ప్రమాణం కణమే. 1838లో ష్లైడెన్ అనే శాస్త్రవేత్త మొక్కల గురించి, 1839లో ష్వాన్ అనే మరో శాస్త్రవేత్త జంతువుల గురించి ఈ మాట చెప్పారు. గుంటూరులో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలకు ఉల్లిపొర తీసి, ఒక చుక్క సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి మైక్రోస్కోపులో చూపిస్తాను. ఇటుకలు పేర్చినట్టు గళ్లు, ఒక్కో గడిలో ఎర్రటి చుక్కలా కేంద్రకం! ఒకసారి చూశాక ఇంక బట్టీతో పని ఉండదు.

మరి కొత్త కణం ఎక్కడి నుంచి వస్తుంది? ద్రవంలో పటికబెల్లం పలుకులు కట్టినట్టు కణాలు వాటంతటవే ఏర్పడతాయని ష్లైడెన్, ష్వాన్ అనుకున్నారు. అది తప్పు. కణం రెండుగా విడిపోవడాన్ని రీమాక్ అనే శాస్త్రవేత్త గమనించాడు. 1855లో విర్కో అనే వైద్యుడు, ప్రతి కణమూ అంతకుముందున్న కణం నుంచే పుడుతుందని గట్టిగా చెప్పాడు. అదే మూడో సూత్రం.

మనింట్లో పాలు తోడుపెట్టడం గుర్తు తెచ్చుకోండి. చెంచాడు పెరుగులో ఉన్న బాక్టీరియాలు ఒక్కొక్కటీ ఒక్కో కణమే. ఒకటి రెండై, రెండు నాలుగై, తెల్లారేసరికి గిన్నెడు పాలు తోడుకుంటాయి. మే నెల ఎండల్లో ఆ విభజన మరీ వేగం. అందుకే పొద్దున్నే కమ్మగా ఉన్న పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

వైరస్ సంగతి వేరు. దానికి సొంత కణమే లేదు కాబట్టి, ఇంకో జీవి కణంలోకి దూరితేనే తనలాంటివాటిని తయారు చేయగలదు.