అద్దానికి అంటించే ముందు

ప్రశ్న: ఈ మధ్యనే కొత్త కారు కొన్నాము. మా విజయవాడ ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. మధ్యాహ్నం పూట బయలుదేరితే వెనక సీట్లో కూర్చున్న పిల్లల మొహాలు కందిపోతున్నాయి. పక్క అద్దాలకు యాభై శాతం, ముందు వెనక అద్దాలకు డెబ్బై శాతం వెలుతురు వచ్చే ఫిల్మ్ వేస్తే చట్టప్రకారం ఏ ఇబ్బందీ ఉండదని, బిల్లు మీద ఆ అంకెలు రాసి ఇస్తామని యాక్సెసరీస్ దుకాణంవారు చెబుతున్నారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దుకాణంవారు చెప్పిన అంకెలు చట్టంలో ఉన్నవే, కానీ అవి ఫిల్మ్‌కు సంబంధించినవి కావు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు ప్రసరించాలి. ఈ లెక్క అద్దం మొత్తానికి వర్తిస్తుంది. మీ కారు అద్దాన్ని ఒక తెల్ల కాగితం మీదుగా చూస్తే లేత ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. అంటే కంపెనీ నుంచి వచ్చినప్పుడే అది కొంత వెలుతురును ఆపుతోందన్నమాట. అది 75 శాతాన్ని లోపలికి పంపుతోందని అనుకుందాం. దాని మీద 50 శాతం ఫిల్మ్ అంటిస్తే మిగిలేది 75లో సగం, అనగా ముప్పయ్యేడున్నర శాతం మాత్రమే. ముందు అద్దానికి 70 శాతం ఫిల్మ్ వేస్తే వచ్చేది యాభై రెండున్నర. రెండూ పరిమితికి దిగువనే ఉన్నాయి. దుకాణంవారి బిల్లు మీద ఏ అంకె ఉన్నా అది ఫిల్మ్ ఒక్కదాని సంగతే చెబుతుంది.

లెక్క సరిపోయినా అసలు చిక్కు వేరే ఉన్నది. అవిషేక్ గోయెంకా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పునిస్తూ, వాహనాల అద్దాల మీద ఎంత శాతం వెలుతురును పంపేదైనా సరే నల్ల ఫిల్మ్‌ను గానీ మరే ఇతర పదార్థాన్ని గానీ అంటించరాదని దేశమంతటికీ ఆదేశించింది; ఆ ఏడాది మే 4 నుంచి అది అమలులోకి వచ్చింది. తయారీదారు నియమానికి లోబడి అద్దాన్నే కొంత ఛాయతో పోతపోస్తే అభ్యంతరం లేదు, తరువాత దాని మీద ఏదైనా అతికిస్తేనే తప్పు. పోలీసులు చలానా రాసి ఊరుకోకుండా ఆ ఫిల్మ్‌ను అక్కడికక్కడే తీయించాలని కూడా అదే తీర్పు చెబుతోంది కనుక, మీరు వేలు పోసి వేయించినది రోడ్డు పక్కన గోళ్లతో గీకించుకోవలసి వస్తుంది. ఆ నష్టం ముందు జరిమానా చిన్నది: మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ ప్రకారం మొదటిసారికి 500 రూపాయలు, మళ్లీ పట్టుబడితే 1,500 వరకు, వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత అవసరమైన ప్రముఖుల అధికారిక వాహనాలకు ఉన్నతాధికారుల అనుమతితో మినహాయింపు ఉన్నది. ‘ఫలానావారి బండికి ఉన్నాయి కదా’ అని కూడలిలో వాదించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక పిల్లల సంగతి. అద్దం ఎంత నల్లగా ఉంటే కారు అంత చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఎండలోని శక్తిలో దాదాపు సగం మన కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలోనే వస్తుంది. మామూలు నల్ల ఫిల్మ్ ప్రధానంగా కనబడే వెలుతురును పీల్చుకుంటుంది, తాను వేడెక్కి అందులో కొంత వేడిని లోపలికే వదులుతుంది. చట్టం దాటకుండా చేయగలిగినవి వేరే ఉన్నాయి. బండి నిలిపినప్పుడు ముందు అద్దం లోపల మెరిసే అట్టను నిలబెట్టండి. పక్క అద్దాలకు జాలీ తెరలు పెట్టుకున్నా బండి కదిలే ముందు తీసివేయండి. నడుస్తున్న బండిలో అవి ఉంటే పోలీసులు ఊరుకోకపోవచ్చు. ఎక్కగానే తలుపులు బిగించి ఏసీ వేయక, రెండు నిమిషాలు నాలుగు అద్దాలూ దించి నడిపితే లోపల మరిగిన గాలి బయటికి పోతుంది. సీటు ఎంపిక కూడా ముఖ్యమే. మధ్యాహ్నం దాటాక విజయవాడ నుంచి హైదరాబాదు వైపు వెళుతుంటే ఎండ ముందు నుంచి, ఎడమ పక్క నుంచి పడుతుంది. చంటివాణ్ని డ్రైవరు వెనక కూర్చోబెడితే చాలావరకు నీడపట్టున ఉంటాడు.

ప్రశ్న: కేరళ హైకోర్టు ఫిల్మ్‌కు అనుమతినిచ్చిందని మిత్రులు అంటున్నారు. ఇక మనమూ వేయించుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అటువంటి తీర్పు ఇచ్చిన మాట నిజమే. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో 100వ నియమంలో ‘సేఫ్టీ గ్లాస్’కు తోడు ‘సేఫ్టీ గ్లేజింగ్’ అనే మాట చేరింది. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ఆ మాట కిందికి వస్తుంది కనుక, 70, 50 శాతాల పరిమితికి లోబడితే తప్పు లేదని ఆ ధర్మాసనం భావించింది. సుప్రీంకోర్టు తీర్పు సవరణకు ముందున్న నియమం మీద వచ్చినదన్నది ఆ వాదనకు మూలం. వాదనలో బలం ఉన్నదని నా అభిప్రాయం కూడా. అయితే ఒక రాష్ట్రపు హైకోర్టు తీర్పుకు మన రాష్ట్రాల పోలీసులు నేరుగా కట్టుబడి ఉండనక్కరలేదు, పైగా ఆ తీర్పు సైతం ముదురు రంగు ఫిల్మ్‌కు తలుపు తెరవలేదు. కోర్టుకెక్కే ఓపిక ఉంటే తప్ప ఆ తీర్పు ప్రతిని డ్యాష్‌బోర్డులో పెట్టుకుని ఫిల్మ్ వేయించమని నేను చెప్పను.

ప్రశ్న: పాత కారు కొన్నాను. అద్దాలకు ఫిల్మ్ ముందే ఉన్నది. చలానా నాకు వస్తుందా, పాత యజమానికా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రోడ్డు మీద ఆపినప్పుడు బండి ఎవరి చేతిలో ఉంటే వారినే అడుగుతారు, ‘కొన్నప్పుడే ఉంది’ అంటే చెల్లదు. కెమెరా ఫొటోతో వచ్చే చలానా మాత్రం ఆర్‌సీలో పేరున్నవారికే పోతుంది కనుక, పేరు మార్పిడి కూడా వెంటనే చేయించుకోండి.

ముందుగా, ఉన్నది ఫిల్మేనా లేక అద్దానికే ఛాయ ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. అద్దాన్ని సగం దించి పై అంచును గోటితో తడమండి. పొర ఉంటే చిన్న మెట్టులా గోటికి తగులుతుంది. తీసేటప్పుడు బండిని ఎండలో ఓ గంట నిలిపి, జిగురు మెత్తబడ్డాక మూల నుంచి నెమ్మదిగా లాగితే పొర ముక్కలు కాకుండా వస్తుంది. మిగిలిన జిగురును సబ్బునీళ్లతో నానబెట్టి తుడవండి. వెనక అద్దం దగ్గర మాత్రం తొందర పనికిరాదు. మంచు తుడిచే సన్నని తీగల గీతలు దాని లోపలి ముఖం మీదే ఉంటాయి. నా పాత బండికి మెకానిక్ కుర్రాడు బ్లేడుతో గీకినప్పుడు వాటిలో మూడు తెగిపోయాయి; ఆ తరువాత బండి అమ్మేదాకా వానాకాలంలో ఆ మూడు గీతల మేర అద్దం మసకగానే ఉండిపోయేది.