నీలి తెర ఒకటి, చప్పుడు లేని రీస్టార్ట్ మరొకటి

ప్రశ్న: రెండేళ్ల కిందట విడిభాగాలు కొని నేనే కంప్యూటర్ అసెంబుల్ చేసుకున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే పెట్టె) ఉన్నాయి. ఆరు నెలల కిందట, ఉన్న రెండు 8 జీబీ ర్యామ్‌లకు తోడు వేరే కంపెనీవి మరో రెండు వేశాను. నాలుగూ 3600 స్పీడువే. అప్పటి నుంచి వారానికి రెండు మూడు సార్లు కంప్యూటర్ ఆగిపోయి, తప్పు పేరు చూపే నీలి తెర వస్తోంది. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటుంది, మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అంటుంది. సాయంత్రాలు గేమ్ ఆడుతుండగా ఏ తెరా రాకుండానే రీస్టార్ట్ కూడా అవుతోంది. విండోస్ రెండు సార్లు మళ్లీ వేశాను. దుకాణంలో మదర్‌బోర్డు మార్చి 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోమంటున్నారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు ఒకే జబ్బుగా భావిస్తున్నవి రెండు వేర్వేరు జబ్బులని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. ముందు వాటిని విడదీయాలి. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ విభాగంలో ‘కెర్నెల్ పవర్ 41’ అనే నమోదులను చూడండి. ఈ 41ని చూడగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. అందులోని ‘డీటెయిల్స్’లో ‘బగ్‌చెక్ కోడ్’ ఎదురుగా ఉండే అంకె మనకు ముఖ్యం. అది 26 అయితే మెమరీ మేనేజ్‌మెంట్, 10 అయితే ఐఆర్‌క్యూఎల్. సున్నా ఉంటే విండోస్‌కు తప్పును రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. ఒక కాగితం మీద ప్రతి క్రాష్ తేదీ, సమయం, ఈ అంకె, అప్పుడు చేస్తున్న పని రాసుకోండి.

నీలి తెరల విషయంలో నా అనుమానం ర్యామ్ మీదే. డ్రైవరు (ఒక విడిభాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) చెడితే సాధారణంగా ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు పదే పదే కనిపిస్తాయి; ప్రతిసారీ కొత్త కోడ్ వస్తోందంటే మెమరీలో రాసిన సమాచారం తిరిగి చదివేటప్పటికి మారిపోతోందేమోనని చూడాలి. ర్యామ్ డబ్బా మీద 3600 అని ఉన్నా, మీ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం 3200, అదీ రెండు స్టిక్కులకే. నాలుగు పెడితే ఆ హామీ ఇంకా తగ్గుతుంది. వేర్వేరు కంపెనీలవి కలిపినప్పుడు ఒక జతకు సరిపడే టైమింగులు (ర్యామ్ స్పందించే వ్యవధుల సెట్టింగులు) రెండో జతకు సరిపడకపోవచ్చు. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేసి ఉంటే అది ఒక రకమైన ఓవర్‌క్లాకింగే, అధికారిక వేగానికి మించి నడపడమే.

కనుక బయాస్‌లోకి వెళ్లి ముందుగా ఎక్స్‌ఎంపీ ఆపేయండి. పెన్‌డ్రైవ్ మీద ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేసి, దానితోనే బూట్ చేసి రాత్రంతా నడపండి. ఈ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా దాన్ని ఉపేక్షించకూడదు. తప్పులు కనబడితే పాత జతను మాత్రమే ఉంచి, తరువాత కొత్త జతను మాత్రమే ఉంచి విడివిడిగా పరీక్షించండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో రెండే స్టిక్కులు పెట్టేటప్పుడు సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండో, నాలుగో స్లాట్లను వాడాలి. మొదటి రెండింటిలో పెట్టేవారు తక్కువేమీ కాదు. ఏ జతకు ఆ జత బాగుండి, నాలుగూ కలిస్తేనే తప్పులు వస్తుంటే ర్యామ్ చెడిపోలేదు, కూడిక కుదరలేదంతే. వేగం తగ్గించుకోండి, లేదా అన్నీ తీసి ఒకే ప్యాకెట్‌లో వచ్చే 16 జీబీ స్టిక్కుల జత పెట్టుకోండి.

ఇక చప్పుడు లేని రీస్టార్ట్‌లు. ఇన్వర్టర్ ఉందని మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు గానీ, నన్ను ఆపింది ఆ ముక్కే. కరెంటు లైన్ నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలో ఎస్‌ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న విద్యుత్తుతోనే నెట్టుకురావాలి, అది సెకనులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే నిలుస్తుంది. గేమ్ నడిచేటప్పుడు లోడు ఎక్కువ కాబట్టి ఆ నిల్వ ఇంకా త్వరగా అయిపోతుంది. ఫ్యానుకు, లైటుకు ఈ ఖాళీ తెలియనే తెలియదు. పైగా కరెంటు పోనక్కర్లేదు, సాయంత్రం వోల్టేజీ పడిపోయినా ఇన్వర్టర్ బ్యాటరీకి మారిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే యూపీఎస్‌కు మార్చండి. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (లైన్ కరెంటులా నునుపైన తరంగం ఇవ్వనిది) అయితే, నేటి యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకునే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని దానితో సరిపడక ఆగిపోతాయి. ఒక వారం పాటు కంప్యూటర్‌ను ఇన్వర్టర్‌తో సంబంధం లేని ప్లగ్‌కు పెట్టి, కరెంటు ఉన్న వేళల్లో ఆడి చూడండి. రీస్టార్ట్‌లు ఆగిపోతే కారణం దొరికినట్టే.

750 వాట్ల మాటకు వస్తే, మీ గ్రాఫిక్స్ కార్డు 170 వాట్లు, ప్రాసెసర్ ఎంత కష్టపడినా సుమారు 76 వాట్లు తీసుకుంటాయి. ఎన్విడియా ఆ కార్డుకు సూచించినది కూడా 550 వాట్లే. ఇన్వర్టర్‌కు దూరంగా పెట్టినా రీస్టార్ట్‌లు ఆగకపోతే, అప్పుడు తెలిసినవారి దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి రెండు రోజులకు అడిగి తెచ్చి పరీక్షించండి. మదర్‌బోర్డు వంతు అన్నిటికన్నా చివర.

ప్రశ్న: నాది కోర్ ఐ7 13700కే. గేమ్ తెరవగానే ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అని మూసుకుపోతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?
– మరో పాఠకుడు, వరంగల్

జవాబు: కార్డును అనుమానించే ముందు ప్రాసెసర్‌ను చూడండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతిన్నాయి. ఇదే సందేశం దాని లక్షణాల్లో ఒకటి. ఇంటెల్ 2024 సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే అప్‌డేట్) ఇచ్చింది. అది గానీ, ఆ తరువాతది గానీ ఉన్న బయాస్‌ను మీ మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి తీసుకుని వేయండి. అయితే అది ఇకపై జరిగే నష్టాన్ని తగ్గించేదే తప్ప, ఇప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగు చేయదు. అప్‌డేట్ తరువాత కూడా గేమ్‌లు మూసుకుపోతుంటే బిల్లు వెతికి పట్టుకోండి. ఈ ప్రాసెసర్ల వారంటీని ఇంటెల్ మరో 2 సంవత్సరాలు పెంచింది, అంటే డబ్బాతో కొన్నవాటికి కొన్న తేదీ నుంచి 5 సంవత్సరాలు.