మల్లె, మందారం రెండిటినీ ఒకేలా చూసుకుంటే ఎందుకు పూయవు?

మీరు అడిగింది ఏంటంటే, మల్లె, మందారం పక్కపక్కనే రెండు కుండీల్లో పెట్టారు, ఒకే మట్టి, ఒకే ఎరువు, రోజూ పొద్దున్నే రెండిటికీ నీళ్ళు, అయినా మల్లె ఒట్టి ఆకులేస్తోంది, మందారం మొగ్గలేమో పసుపు తిరిగి రాలిపోతున్నాయి, ఏది తేలికో చెబితే అదొక్కటే ఉంచుకుంటాను అని. అచ్చం ఇదే నాకూ జరిగింది, వరసగా రెండేళ్ళు, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీరు చూసుకోవడంలో లోటేం లేదండి, రెండిటికీ ఒకటే చేస్తున్నారు, చిక్కంతా అక్కడే. రెండూ ఏళ్ళ తరబడి బతికేవే, రెండిటికీ ఎండ కావాలి, రెండూ కొత్త చిగురు మీదే పూస్తాయి, కాబట్టి ఒకటే పద్ధతి సరిపోతుంది అనిపిస్తుంది. కానీ మందారం ఏడాది పొడుగునా కొంచెం కొంచెం తింటూ, తాగుతూ, పూస్తూ ఉండే మొక్క. మల్లె అలా కాదు, చలికాలంలో ఒక నిద్ర తీసి లేచి అప్పుడు విరగబూస్తుంది. మీరు రోజూ నీళ్ళు పోసి, పదిహేను రోజులకోసారి ఎరువేసి దాన్ని అసలు పడుకోనివ్వట్లేదు, అందుకే ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతోంది. ఆకుని పెంచే నత్రజని ఎరువులో ఎక్కువైనా అంతే, ముదురాకుపచ్చ రంగులో చూడముచ్చటగా ఉంటుంది, మొగ్గ మాత్రం ఉండదు.

మల్లెకి నేను మూడో ఏడు ఏం చేశానో చెప్తా. చలికాలం ముదిరాక నీళ్ళు బాగా తగ్గించేశాను. నేలలో ఉన్న దుబ్బు అయితే కొన్ని వారాలు పూర్తిగా ఆపేసినా తట్టుకుంటుంది గానీ కుండీలో వేళ్ళు తొందరగా ఎండిపోతాయి కాబట్టి నాలుగైదు రోజులకోసారి కొంచెం చిలకరించాను అంతే. మూడు వారాలకి ఆకులు కాస్త వాడి, కొన్ని పసుపు తిరిగాయి. అప్పుడు కత్తెర తీసుకుని మోకాలెత్తు, అంటే ఒక అడుగున్నర ఉంచి పైదంతా కత్తిరించేశా, ఎండుకొమ్మలు, లోపల గడ్డిపరకల్లా సన్నగా ఉన్నవి మొదలుకంటా తీసేశా, మిగిలిన ఆకు కూడా చేత్తో దూసేశా. కుండీలో నాలుగు పుల్లలు మిగిలాయి. ఇంట్లోవాళ్ళంతా చంపేశావు అన్నారు, నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ గుండె పీకింది. పైమట్టి రెండంగుళాలు గుల్లచేసి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్ళు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి అప్పుడు నిండా తడిపాను.

కొన్నాళ్ళకి ప్రతి కణుపు దగ్గరా ఎదురెదురుగా రెండేసి చిగుళ్ళు, చీమ తలకాయంత. అవి పొడుగైన కొద్దీ చివర చూడండి, మామూలుగా మూడు మొగ్గలు గుత్తిగా వస్తాయి, నడిమిది ముందు ఎదుగుతుంది, పక్కవి రెండూ దాని వెనక. ఒక్కో కణుపుకి రెండు చిగుళ్ళు, ఒక్కో చిగురుకి మూడు మొగ్గలు అని లెక్కేసుకుంటే పెట్టిన కత్తిరింపంతా పూలై తిరిగొస్తుందని అప్పుడు అర్థమైంది నాకు. ఒక విడత పూశాక పూసిన కొమ్మ చివర రెండు జతల ఆకుల కిందకి తుంచేస్తే మళ్ళీ పక్క చిగుళ్ళు వచ్చి ఇంకో విడత పూస్తుంది. ఇది మాత్రం మర్చిపోవద్దు, చాలామంది వదిలేసేది ఇదే.

ఇంకోటి, మల్లెని చూడాల్సింది సాయంత్రం. అది విచ్చుకునేదే పొద్దుగూకాక కదా. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీనికి ముందు పెట్టిన పేరు నిక్టాంథెస్ సాంబాక్, పారిజాతాన్నీ దీన్నీ ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో పెట్టాడు, నిక్టాంథెస్ అంటే రాత్రిపూలు అనే అర్థం. తర్వాత 1789లో జాస్మినమ్ అనే ప్రజాతిలోకి మార్చారు. పేరు సంగతెలా ఉన్నా సాయంత్రం మొగ్గల మీద కన్నేస్తే ఒక ఉపయోగం ఉంది, తెల్లగా ఉబ్బాల్సిన మొగ్గ ఊదారంగుకి తిరిగి చిన్న చిల్లుతో ఉంటే లోపల మొగ్గ తొలిచే పురుగు ఉన్నట్టే. అలాంటివి ఏరి దూరంగా పారేయండి, కుండీలోనే పడేస్తే లాభం లేదు.

ఇక మందారం. దీనికి నిద్రా గిద్రా ఏం లేదు, వెచ్చగా ఉన్నంతకాలం పూస్తూనే ఉంటుంది. పువ్వు మామూలుగా ఒక్కరోజే, పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది, అందుకని రోజూ కొత్త మొగ్గ తయారవుతూ ఉండాలి, దానికి రోజూ తిండీ నీళ్ళూ కావాలి. ఒక్కరోజు మట్టి పొడిబారిందంటే మొగ్గలు రాల్చేస్తుంది. అలాగని నీళ్ళు నిలవున్నా రాలుస్తుంది, ఆకులు కూడా పసుపు తిరుగుతాయి. వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి చూడండి, పొడిగా తగిలితే పోయండి, చెమ్మ తగిలితే ఆగండి. మండువేసవిలో చిన్న కుండీ అయితే రెండు పూటలా పోయాల్సి వస్తుంది, పధ్నాలుగు అంగుళాల కుండీకి మార్చాక నాకు ఆ బాధ తప్పింది. కుండీని మాటిమాటికీ అటూ ఇటూ జరపకండి, చోటు మారినా అలిగి మొగ్గలు రాల్చేస్తుంది.

నీళ్ళన్నీ సరిగ్గా ఉండి కూడా రాలుతుంటే పురుగు. నేను ఎన్నో రోజులు నీళ్ళనే తప్పుపట్టుకుంటూ కూర్చున్నా. ఒకరోజు రాలబోతున్న మొగ్గని తెంపి తెల్లకాగితం మీద నాలుగుసార్లు తట్టి చూస్తే దారప్పోగు ముక్కల్లాంటివి గబగబా పాకాయి, తామర పురుగులు. అవి మొగ్గ లోపల చేరి రసం పీలుస్తాయి, పైన ఎంత కొట్టినా లోపలికి మందు వెళ్ళదు. కాబట్టి పసుపు తిరిగిన మొగ్గలు, కింద రాలినవి అన్నీ రోజూ ఏరేసి, వేపనూనె లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, నూనె కలవడానికి రెండు చుక్కల లిక్విడ్ సోప్ వేసి బాగా గిలక్కొట్టి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తడిసేలా వారానికోసారి కొట్టాను. నెల పట్టింది తగ్గడానికి, ఒక్కసారికే పోతుందనుకోవద్దు. కొమ్మల మెలికల్లో తెల్లగా దూదిలా ఉంటే అది పిండినల్లి, పక్కనే చీమలు బారు కట్టి ఉంటాయి చూడండి, నల్లి వదిలే తీపి జిగురు కోసం దాన్ని కాపాడేది అవే, చీమల దారి మూయకపోతే ఎంత కొట్టినా మళ్ళీ వస్తుంది.

ఎరువు మందారానికి పది పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం, వర్మీకంపోస్ట్ ఒక గుప్పెడు చాలు, పొటాష్ బాగా అడుగుతుంది, భాస్వరం మాత్రం ఎక్కువ పడదు, పూలమందు అని భాస్వరం ఎక్కువున్నది తెచ్చి వేయకండి. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్ అందట్లేదని, చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునేలా తయారుచేసిన ఐరన్) ప్యాకెట్ మీద చెప్పిన కొలతకి కలిపి పోయండి. కత్తిరింపు కూడా మల్లెలా గుండు కొట్టకూడదు, మూడో వంతు తీస్తే చాలు, అదీ కొమ్మలన్నీ ఒకేసారి వద్దు, కత్తిరించిన కొమ్మ మళ్ళీ పూయడానికి రెండు మూడు నెలలు తీసుకుంటుంది కాబట్టి సగం ఇప్పుడు, సగం తర్వాత.

ఏది తేలిక అంటే, మీరు రోజూ మొక్క దగ్గరికి వెళ్ళగలిగితే మందారం. ఊళ్ళు తిరుగుతూ రెండు మూడు రోజులు ఇంట్లో ఉండకపోతే మల్లె, దానికి నీళ్ళు ఒక పూట ఆలస్యమైనా పట్టదు, కానీ ఏడాదికోసారి ధైర్యం చేసి కత్తెర పట్టాలి. ఎండ నాలుగైదు గంటలకి తక్కువైతే రెండూ సరిగా పూయవు. నా మాటకైతే ఏదీ తీసేయకండి. కుండీలు రెండూ ఒక అడుగు ఎడం చేయండి, అలవాటుగా ఒకే మగ్గుతో రెండిటికీ పోసుకుంటూ పోకుండా ఉంటారు, నాకు అదే కలిసొచ్చింది. జరపడం ఎలాగూ మల్లెనే జరపండి, మందారాన్ని ఉన్నచోటే ఉంచండి. ఇప్పటికి మందారం మొగ్గ ఒకటి కాగితం మీద తట్టి ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి మందు చూద్దాం, మల్లె సంగతి చలి ముదిరేదాకా ఆగొచ్చు.