హెర్మోపోలిస్‌లో రాళ్ళ కుప్పలే మిగిలాయట, వెళ్ళాలా?

ఈజిప్టులో కైరో నుంచి లక్సర్ వెళ్ళే దారిలో, శిథిలమైన పాత నగరం హెర్మోపోలిస్‌కి ఒక రోజు పెట్టొచ్చా అని అడిగారు. నేను 2022లో వెళ్ళాను. తప్పకుండా వెళ్ళండి. కాకపోతే ఆ రాళ్ళ కథ తెలుసుకుని వెళ్ళండి.

మిన్యాకు దక్షిణాన, మల్లవి దగ్గరున్న అష్మూనైన్ అనే ఊరే ఇది. ఒకప్పుడు ఎగువ ఈజిప్టులో 15వ జిల్లాకు, అంటే కుందేలు గుర్తున్న జిల్లాకు, కేంద్రం. పాత పేరు ఖ్మూను, అంటే 'ఎనిమిది'. సృష్టికి ముందున్న ఎనిమిది మంది దేవతల ఊరన్నమాట. ఇప్పటి పేరు కూడా దాన్నుంచి వచ్చిందే.

ముందుగా రెండు బబూన్ కోతుల విగ్రహాలు చూడండి. ఫారో (ఈజిప్టు రాజు) మూడో అమెన్‌హోటెప్ చేయించినవి, ఒక్కోటి సుమారు 4.5 మీటర్లు. రాతకూ లెక్కలకూ దేవుడైన థోత్‌ని ఆ రూపంలో కొలిచేవారు. నేను తలెత్తి చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

థోత్ గుడికి అలెగ్జాండర్ సవతి సోదరుడు ఫిలిప్ అర్హిడియస్ పేరున కట్టిన ముఖమండపం ఉండేది. రెండు వరసల్లో 12 స్తంభాలు. నెపోలియన్ వెంట వచ్చిన పండితులు బొమ్మ గీసేనాటికి నిలబడే ఉంది. సున్నపురాయి కావడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది, 1820ల్లో ఆ రాయి కోసమే పడగొట్టేశారు. ఆ బొమ్మను ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. ఖాళీ నేల ముందు నిలబడి దాన్ని చూసినప్పుడు నా మనసు చివుక్కుమంది.

అంతకు చాలా ముందే ఫారో రెండో రామ్‌సెస్ కూడా ఇలాంటి పనే చేశాడు. నైలు అవతలి ఒడ్డున అమర్నాలో, సూర్యుణ్ణి తప్ప మిగతా దేవుళ్ళను కాదన్న ఫారో అఖెనాతెన్ కట్టిన గుళ్ళ రాళ్ళను తెచ్చి ఇక్కడి గోపురద్వారంలో నింపేశారు. 1929-39 మధ్య జర్మన్ తవ్వకాల్లో అవి వెయ్యికి పైగా బయటపడ్డాయి. అఖెనాతెన్ ఆనవాళ్ళు లేకుండా చేయాలనుకున్న గోడే వాటిని దాచిపెట్టింది! ఆ రామ్‌సెస్ విగ్రహం కింది భాగం 1930లో దొరికితే, పై భాగం 2024లో దొరికింది.

ఇప్పుడు నిలబడి కనిపించే గ్రానైట్ స్తంభాలను మా గైడ్ గ్రీకు బజారు అన్నాడు. కాదండీ, అది 5వ శతాబ్దపు చర్చి. దాని పునాదుల్లో ఈజిప్టును ఏలిన గ్రీకు వంశపు రాజు మూడో టాలెమీ కాలపు గుడి రాళ్ళున్నాయి.

పొద్దున్నే అమర్నా, తర్వాత అష్మూనైన్, చివరికి ఈ నగరపు పాత శ్మశానమైన తూనా ఎల్ గెబెల్ పెట్టుకోండి. అక్కడ థోత్ ప్రధాన పూజారి పెటోసిరిస్ సమాధి ఉంది. దాన్ని గుడి ఆకారంలోనే కట్టారు. పోయిన ఆ ముఖమండపం ఎలా ఉండేదో చిన్న కొలతలో ఊహించుకోవాలంటే దాని ముందు కాసేపు నిలబడండి.