జిగ్‌జాగ్ ఎప్పుడు మార్చాలి? సంవత్సరాలు లెక్కపెట్టకండి, లింకులు చూడండి

మీ ప్రశ్నలు మూడు. హైదరాబాద్‌లో చెట్ల పనికి 4 ఏళ్లుగా వాడుతున్న పెట్జెల్ జిగ్‌జాగ్ ఈమధ్య జారుతోంది, మార్చాలా? 3 ఏళ్ల గ్యారంటీ ముగిసింది కాబట్టి దాని ఆయుష్షు కూడా తీరినట్టేనా? ఎవరో సగం ధరకే ఇస్తానంటున్న పాతది తీసుకోవచ్చా? నేను ఇంగ్లండ్‌లో, సర్రే వైపు చెట్లెక్కే పని చేస్తాను. జిగ్‌జాగ్ అంటే ఫ్రెంచ్ కంపెనీ పెట్జెల్ చేసే లోహపు పరికరం. గొలుసులా కూర్చిన దాని లింకులు తాడును మెలిపెట్టి పట్టుకుంటాయి, పిడి నొక్కితే పట్టు సడలి కిందికి దిగుతాం. ఇది రోజూ నా నడుముకు వేలాడే సామానే.

గ్యారంటీకీ ఆయుష్షుకీ సంబంధం లేదు. గ్యారంటీ తయారీ లోపాలకే, అరుగుదల అందులో రాదు. పెట్జెల్ తన ప్లాస్టిక్, గుడ్డ సామానుకు తయారైన తేదీ నుంచి గరిష్ఠంగా 10 ఏళ్లు గడువు ఇస్తుంది, లోహపు సామానుకు గడువు పెట్టలేదు. అది చూసి మురిసిపోకండి. పెద్ద దెబ్బ తగిలితే ఒక్కసారి వాడిన దాన్నైనా తీసేయాల్సి రావచ్చని కూడా వాళ్లే రాస్తారు.

జారడం గురించి. కొత్తది కొనేముందు తాడును అనుమానించండి. ఇప్పటి జిగ్‌జాగ్ 11.5 నుంచి 13 మిల్లీమీటర్ల తాడుకి చేసింది. సన్నగా, నున్నగా ఉన్న తాడు మీద కొత్త పరికరం కూడా జారుతుంది. వేగంగా దిగితే పుట్టే వేడికి తాడు పైతొడుగు మెరుగెక్కి గాజులా తయారవుతుంది, అప్పుడు దానికి పట్టు దొరకదు. తాడు ఉబ్బి నూగెక్కితే దీనికి తలకిందులుగా, మీరు పిడి నొక్కినా కిందికి దిగదు. కాబట్టి మంచి తాడు ఒకటి అరువు తెచ్చుకుని, నేలకు అడుగెత్తులో వేలాడి చూడండి. దాని మీద గట్టిగా పట్టి, మీ తాడు మీదే జారితే తప్పు తాడుది. రెండింటి మీదా జారితే లింకులను అనుమానించండి. ఈ పరీక్ష చెట్టు మీద చేయకండి.

లింకులు అరిగేది ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ. బరువంతా మోస్తూ, మెలికలు తిరిగిన తాడు లోపలి అంచుల మీదుగా ఒరుసుకుంటూ పోతుంది కదా. ముందు రంగు పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. తర్వాత నున్నగా మెరుస్తుంది. ఆ తర్వాత గాడి పడుతుంది, దాని పక్కన అంచు పదునెక్కుతుంది. నేను పక్కన పెట్టేది ఇక్కడే, ఎందుకంటే ఆ అంచు ఇక తాడును కూడా కోయడం మొదలుపెడుతుంది. గోరు పెట్టి లాగి చూడండి, గోరు తట్టుకుంటే ఆలోచించాల్సిందే. తాడు మీద నల్లటి మసి అంటుతోందంటే అది అరిగిన లోహమే.

అన్నిటికంటే వేగంగా అరగదీసేది ఇసుక. సర్రేలో ఇసుక నేలలు ఎక్కువ. తాడు చివర కింద పడి, ఇసుక పట్టుకుని, మళ్లీ లింకుల గుండా పైకొస్తుంది. అందుకే తాడును నేల మీద పడనివ్వకుండా సంచిలో వేసుకుంటాను. మీ దక్కన్ నేలలోని రాతి పొడి కూడా ఇంతే. పైగా మీకు వేప బంక, తుమ్మ జిగురు ఉంటాయి, మాకు పైన్ బంక. జిగురు పడితే లింకులు సరిగా మడతపడవు, అది చూసి పట్టు పోయిందని పొరబడతాం. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తని బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టాక మళ్లీ పరీక్షించండి. తాడు ఆనే చోట నూనె వేయొద్దు.

లింకులతో పాటు కారబీనర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) దూర్చే రంధ్రం కోలగా సాగిందా, పుల్లీ పక్కలకు ఊగుతోందా, రివెట్లు లూజయ్యాయా, ఎక్కడైనా వెంట్రుకంత పగులుందా చూడాలి. పగులు కనిపిస్తే ఇక చర్చ లేదు. ఏ మోడల్‌కి ఏం చూడాలో పెట్జెల్ సైట్లో బొమ్మలతో సహా ఉచితంగా పెట్టింది. కొన్న రోజునే దగ్గర నుంచి ఫొటోలు తీసి దాచుకోవడం నా అలవాటు. రోజూ చూసే వస్తువు కొంచెం కొంచెంగా అరుగుతుంటే కంటికి ఆనదు.

పెట్జెల్ ఏడాదికి కనీసం ఒకసారి తెలిసినవాళ్లతో వివరంగా తనిఖీ చేయించమంటుంది. బ్రిటన్‌లో 1998 నాటి లోలర్ (బరువులెత్తే సామాను గురించిన) నిబంధనల ప్రకారం మనుషులను మోసే సామానుకు 6 నెలలకోసారి తప్పనిసరి. పైగా ఇక్కడ చెట్టు మీద ఉన్నప్పుడు సాధారణంగా రెండు వేర్వేరు తాళ్ల మీద ఆధారపడాలి, ఒకటి జారినా రెండోది నిలబెడుతుంది. మీ దగ్గర అడిగేవాళ్లు లేకపోయినా ఈ రెండో తాడు మాత్రం పెట్టుకోండి. కాగితాల సంగతి పక్కనుంచితే, మా పెద్దనాన్న నల్గొండ దగ్గర తాటిచెట్లెక్కేవాడు, మోకు కొని ఎన్నేళ్లయిందో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఎక్కేముందు పొడవునా చేత్తో తడిమేవాడు, చేతికి తేడా తగిలితే ఆ రోజే కొత్తది.

ఇక ఆ సగం ధర బేరం. వద్దండి. పాత జిగ్‌జాగ్ ఎక్కడ పడిందో, ఏ కొమ్మ దెబ్బ తిన్నదో అమ్మేవాడు చెప్పడు, చెప్పినా రుజువుండదు. 2013లో లింకుల్లో పగుళ్లు బయటపడి పెట్జెల్ జిగ్‌జాగ్‌లను వెనక్కి పిలిపించుకుంది. అప్పటి ముక్క ఏదైనా చేతులు మారుతూ మీ దాకా రాలేదని ఎలా అనుకుంటారు? అయినా మనసు లాగితే కనీసం సీరియల్ నంబర్ కంపెనీకి పంపి అడగండి. మీది పనికిరాదని తేలితే రంపంతో రెండు ముక్కలు చేసి పారేయండి, లేదంటే రేపు ఇంకొకరు దాన్ని సగం ధరకు కొంటారు.

మీ స్థానంలో నేనుంటే కొత్త జిగ్‌జాగ్‌కి బదులు కొన్నాళ్లు ముడి తాడుకి మారేవాణ్ని. అంటే వేడిని తట్టుకునే చిన్న తాడును పెద్ద తాడు చుట్టూ చుట్టి, రాపిడితో పట్టుకునే డిస్టెల్ లాంటి ముడి, దాని కింద ఒక పుల్లీ. అరిగేది ఎక్కువగా ఆ చిన్న తాడే. దాని ధర పరికరం ధరలో చిన్న వంతు, కాబట్టి మార్చడానికి చెయ్యి వెనకాడదు. ఒంటి తాడు మీద ఎక్కేవాళ్లు దానికి కెవిన్ బింగమ్ కనిపెట్టిన రోప్ రెంచ్ తగిలిస్తారు, అది ముడి మీద పడే రాపిడిలో కొంత తను తీసుకుంటుంది. దిగేటప్పుడు జిగ్‌జాగ్ అంత సాఫీగా ఉండదు, ముడి రోజూ సరిచూసుకోవాలి. కానీ విడిభాగాలు దొరకని ఊళ్లో అదే నయం.

లింకుల లోపలి వైపు ఫొటో, మీ తాడు లావు, పేరు పెట్టండి. ఫొటో చూసి పనికొస్తుందని మాత్రం చెప్పను, పనికిరాదని తోస్తే చెబుతాను.